రోడ్లు ఊడిస్తే విశాఖ గాలి బాగుపడదు

విశాఖపట్నం గాలిని బాగుచేస్తామని ప్రభుత్వాలు చెప్పడం మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేకపోతున్న నగరాల తొలి జాబితాలోనే విశాఖ ఉంది. దానితో పాటు విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి. తర్వాత మరో ఎనిమిది ఊళ్లు చేరి ఆంధ్రప్రదేశ్ లెక్క 13కు పెరిగింది. అప్పటి నుంచి నిధులు వస్తున్నాయి, ప్రణాళికలు తయారవుతున్నాయి. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు, తుంపరలు వెదజల్లే యంత్రాలు దేశంలోని నగరాల్లో తిరుగుతున్నాయి. ఇవన్నీ కంటికి కనిపించే పనులు. కానీ మనిషి ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చేది కంటికి కనిపించని ధూళి. అది ఎక్కువగా పుట్టేది రోడ్డు మీద కాదు. కొలిమిలో, బాయిలర్‌లో, ఇంజనులో, తగలబడుతున్న చెత్తకుప్పలో. విశాఖ లాంటి పారిశ్రామిక నగరంలో వీటిలో పెద్దవాటికి పేరుంది, చిరునామా ఉంది, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం ఉంది. గాలిని బాగుచేసే పని అక్కడ మొదలు కావాలి. అది వదిలేసి రోడ్డు దగ్గర మొదలుపెట్టడం వల్లే ఖర్చుకు తగ్గ ఫలితం రావడం లేదన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

విశాఖ నేల తీరు ఈ సమస్యను మరింత కఠినం చేసింది. ఉత్తరాన కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్‌తో ముగిసే యారాడ కొండలు, పడమట తూర్పు కనుమల అంచులు, తూర్పున బంగాళాఖాతం. వీటి మధ్య పల్లంలో నగరం పెరిగింది. పగలు సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది కాబట్టి పొగంతా కొట్టుకుపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి పగటిగాలి రేవు మీదుగా వచ్చేటప్పుడు అక్కడి ధూళిని వెంటబెట్టుకుని కొండల మధ్య ఇళ్ల మీదికే తెస్తుంది. శీతాకాలం రాత్రుల్లో నేల తొందరగా చల్లబడి దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. పైన వెచ్చని గాలి ఉండిపోవడంతో కింది గాలి పైకి లేవలేదు. పొగ, ధూళి తెల్లవారే దాకా మనుషులు పీల్చే ఎత్తులోనే నిలిచిపోతాయి. వానాకాలంలో ఆకాశం కడిగినట్టున్న నగరమే చలికాలం వచ్చేసరికి మసకబారడానికి కారణం ఇదే. సముద్రం పక్కన ఉండటం విశాఖకు కొంత మేలు చేస్తున్న మాట నిజం. ఆ మేలు ఏడాది పొడుగునా, అన్ని పేటలకూ అందదు.

ఈ పల్లంలోనూ దాని అంచుల్లోనూ రాష్ట్రంలోని భారీ పరిశ్రమలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. రేవు 1933లో తెరుచుకుంది. 1957లో కాల్‌టెక్స్ నెలకొల్పిన చమురు శుద్ధి కర్మాగారం తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది. ఏడాదికి 83 లక్షల టన్నుల సామర్థ్యాన్ని కోటిన్నర టన్నులకు పెంచే విస్తరణ అక్కడ జరిగింది. ప్రజలు ఉద్యమించి సాధించుకున్న ఉక్కు కర్మాగారం సామర్థ్యం 73 లక్షల టన్నులు. ఎరువుల కర్మాగారం, గంగవరం రేవు, పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం, ఆ పక్కనే ఫార్మాసిటీ ఉన్నాయి. వీటన్నిటి ఉమ్మడి భారం ఎంతో ప్రభుత్వానికి తెలియంది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఐఐటీ ఢిల్లీ కలిసి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటితే అతి తీవ్ర కాలుష్య ప్రాంతం. అలాంటి 43 ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతులను 2010 జనవరిలో కేంద్రం తాత్కాలికంగా ఆపింది. అంటే సమస్య ఎక్కడుందో ఒకటిన్నర దశాబ్దం కిందటే అధికారికంగా తేలింది. స్వచ్ఛ వాయు కార్యక్రమం వచ్చేసరికి ఆ గుర్తింపు పక్కకుపోయి, రోడ్డు దుమ్ము ముందుకొచ్చింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ధూళిని ఎలా కొలుస్తారో చూడాలి. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలను పీఎం 10 అంటారు. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. మనిషి తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. పెద్ద కణాలు చాలావరకు ముక్కులో, గొంతులో, పై శ్వాసనాళాల్లో ఆగిపోతాయి. సన్నవి ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తుల దాకా పోతాయి, మరీ సన్నవి రక్తంలో కలుస్తాయి. గుండెపోటు, పక్షవాతం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి, ఊపిరితిత్తుల క్యాన్సర్, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు, వీటన్నిటితో సన్నధూళికి సంబంధం ఉందని పరిశోధనలు నిర్ధారించాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వంటింటి పొగతో కలిపి 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 16.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక అంచనాను ప్రచురించింది. ఆ ఏడాది దేశంలో జరిగిన మరణాల్లో ఇది దాదాపు 18 శాతం. రోడ్డు మీద లేచే మట్టిదుమ్ములో ఎక్కువ భాగం ముతక కణాలే. ఇంధనం మండినప్పుడు వచ్చేదాంట్లో ఎక్కువ భాగం సన్నకణాలు. ఆరోగ్యం దృష్టితో చూస్తే ముందు పట్టుకోవలసింది మంటను.

స్వచ్ఛ వాయు కార్యక్రమం మాత్రం నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10తోనే తూస్తోంది. 2017తో పోల్చి 2024 నాటికి ధూళిని 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది తొలి లక్ష్యం. తర్వాత దాన్ని 2025-26 నాటికి 40 శాతానికి పెంచారు. విశాఖ, విజయవాడ లాంటి పది లక్షలు దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన నిధులు కూడా ఈ లెక్కతో ముడిపడ్డాయి. ముతక ధూళి తగ్గితే మార్కులు, మార్కులు వస్తే నిధులు అన్నప్పుడు నగరపాలక సంస్థలు రోడ్డు మీద పడటం సహజం. దేశమంతటా జరిగింది అదే. ఈ కార్యక్రమం కింద జరిగిన ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీసింది. చెత్త, పంట వ్యర్థాల లాంటివి తగలబెట్టడాన్ని అరికట్టడానికి 14.51 శాతం, వాహనాల పొగకు 12.63 శాతం ఖర్చయింది. పరిశ్రమల కాలుష్యానికి వెళ్లింది 0.61 శాతం. వందలో ఒక్క రూపాయి కూడా కాదు. పరిశ్రమలే ఆయువుపట్టు అయిన విశాఖ లాంటి నగరానికి ఈ నమూనా ఏ విధంగానూ సరిపోదు. పరిశ్రమల మీద ప్రభుత్వం డబ్బు పెట్టనక్కర్లేదు, అది యాజమాన్యాల బాధ్యత అనవచ్చు, అది సబబే. అయితే తనిఖీకి, కొలతకు, ప్రయోగశాలకు, నిపుణులకు ప్రభుత్వ సొమ్మే కావాలి. అదీ ఆ 0.61 శాతంలోనే సర్దుకోవాలి.

రోడ్డు దుమ్మును తీసిపారేయడం తగదని కొందరు ఇంజనీర్లు అంటారు. వాళ్ల వాదనలో నిజం ఉంది. విశాఖలో పీఎం 10 సగటు మన దేశ వార్షిక ప్రమాణమైన 60 మైక్రోగ్రాములను దాటడం వల్లనే నగరం ఈ జాబితాకెక్కింది, అందులో రోడ్డు దుమ్ము వాటా చిన్నది కాదు. ముతక ధూళి కూడా ఉబ్బసం ఉన్నవాళ్లను, పిల్లలను ఇబ్బంది పెడుతుంది. గోతులు పూడ్చాలి, రోడ్డు అంచులకు రాళ్లు పరచాలి, కట్టడాల దగ్గర ఇసుక, సిమెంటు కప్పి ఉంచాలి. ఇవన్నీ నగరపాలక సంస్థ రోజువారీ విధులు, వాటికి వాయు కార్యక్రమం అన్న పేరు అక్కర్లేదు. పైగా రేవు చుట్టుపక్కల రోడ్ల మీద పేరుకునేది ఉత్త మట్టి కాదు. లారీల నుంచి రాలిన బొగ్గు, ఖనిజం, ఎరువుల పొడి చక్రాల కింద నలిగి మళ్లీ మళ్లీ లేస్తుంటాయి. ఇవాళ ఊడ్చిన చోట రేపు మళ్లీ అంతే పడుతుంటే, ఊడ్చే యంత్రాన్ని రోజుకు ఎన్నిసార్లు తిప్పినా లాభమేముంది? బొగ్గు రాలకుండా చూసే బాధ్యత సరుకు దించేవాడిది, నిల్వ చేసేవాడిది, రవాణా చేసేవాడిది. ఆ ఖర్చును ఇంటిపన్ను కట్టేవారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఇంతకంటే ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఒకటుంది: విశాఖ ఢిల్లీ కాదు కదా, గాలి నాణ్యత సూచీ చాలా రోజులు సంతృప్తికరం అనే చూపిస్తోంది కదా అని. సంతృప్తికరం అన్న మాట వెనక ఉన్న అంకెలు చూడాలి. మన సూచీలో 51 నుంచి 100 దాకా సంతృప్తికరం. సూచీ 100 అంటే ఘనపు మీటరు గాలిలో సన్నధూళి 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం ప్రకారం అది 15 దాటకూడదు. అంటే నాలుగు రెట్లు ఎక్కువున్నా మన తెర మీద పచ్చరంగే కనిపిస్తుంది. వార్షిక సగటుకు మన ప్రమాణం 40, ప్రపంచ ఆరోగ్య సంస్థది 5. పేద దేశాలు ఒక్కసారిగా 5కు రాలేవని ఆ సంస్థే మెట్లు మెట్లుగా లక్ష్యాలు ఇచ్చింది. వాటిలో అన్నిటికంటే సులువైన మొదటి మెట్టు 35. మన ప్రమాణం ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. 2009లో నిర్ణయించిన అంకెలే ఇప్పటికీ నడుస్తున్నాయి.

తక్కువ కాలుష్యం ఉన్న చోట ప్రమాదం తక్కువేలే అని సర్దుకోవడానికీ ఆధారం లేదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, సిమ్లా సహా దేశంలోని పది నగరాల మరణాలను పరిశీలించిన అధ్యయనం 2024లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చింది. ఆ నగరాల్లో రోజువారీ మరణాల్లో 7.2 శాతానికి, అంటే ఏడాదికి సుమారు 33 వేల మరణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును మించిన సన్నధూళి కారణమని అది తేల్చింది. సన్నధూళి 10 మైక్రోగ్రాములు పెరిగినప్పుడు మరణాలు సగటున 1.42 శాతం పెరిగాయి. ఢిల్లీ కంటే ఎంతో శుభ్రమైన గాలి ఉన్న బెంగళూరులో ఆ పెరుగుదల 3.06 శాతం. కాలుష్యం తక్కువగా ఉన్న దశలోనే ఒక్కో మైక్రోగ్రామూ ఎక్కువ హాని చేస్తోందన్నమాట. దీన్ని తిప్పి చూస్తే మధ్యస్థ నగరాలకు మంచి కబురే. ఇక్కడ కొంచెం తగ్గించినా ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. ఢిల్లీ స్థాయికి చేరే దాకా ఆగడమంటే ఆ అవకాశాన్ని చేజేతులా వదులుకోవడమే.

పరిశ్రమల తరఫున వచ్చే వాదన మరొకటి: సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు నగరంలో ఎప్పుడూ పరిమితి లోపలే ఉంటున్నాయి, కాబట్టి పొగగొట్టాలను అనుమానించనక్కర్లేదు అని. ఇది సగం నిజం. పొగగొట్టంలోంచి వాయువుగా బయటికొచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగానే ఉండిపోదు. తేమలో, ఎండలో చర్య జరిగి, అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్‌గా మారుతుంది. అది వాయువు కాదు, సన్నధూళి. సముద్రతీరంలో తేమకు కొదవ లేదు. అందువల్ల వాయువు లెక్కలో తగ్గినట్టు కనిపించేది ధూళి లెక్కలో తేలుతుంది. 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం ఉండాలన్న నిబంధన వెనక ఉద్దేశం పొగను దూరంగా పంపడమే. దూరంగా పంపినంత మాత్రాన అది మాయం కాదు, దారిలో ధూళిగా మారి మరో ఊరి మీద దిగుతుంది. థర్మల్ కేంద్రాలు గంధకాన్ని వడగట్టే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, గడువులు పెంచుకుంటూ పోయింది, చివరకు 2025 జులైలో దేశంలోని దాదాపు 78 శాతం యూనిట్లకు మినహాయింపు ఇచ్చింది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణం లోపలే ఉందన్నది దానికి చూపిన ప్రధాన కారణాల్లో ఒకటి. వాయువును మాత్రమే కొలిచి, అది ధూళిగా మారడాన్ని విస్మరించిన నిర్ణయమిది. దీన్ని పునఃపరిశీలించాలి.

ఇక రేవు. పాతనగరం, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ ప్రాంతాల జనం బొగ్గు నుసి గురించి దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు. ఇళ్లలో నేల మీద, ఆరేసిన బట్టల మీద నల్లగా పడే ఈ పొడిని ఆపడానికి కొత్త శాస్త్రం కనిపెట్టనక్కర్లేదు. బొగ్గును ఆరుబయట గుట్టలుగా పోయకుండా కప్పు ఉన్న గోదాముల్లో ఉంచడం, లారీల బదులు మూసిన కన్వేయర్లలో, రైలు వ్యాగన్లలో తరలించడం, గాలి జోరు ఎక్కువగా ఉన్నప్పుడు సరుకు దించడం ఆపడం. ఇవన్నీ ఇతర రేవుల్లో ఆచరణలో ఉన్నవే. ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఓడల పొగ. 2020 జనవరి నుంచి అంతర్జాతీయ నిబంధనలు ఓడ ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాయి. అది పెద్ద ముందడుగు. అయినా 0.5 శాతమంటే పది లక్షల పాళ్లలో 5,000 పాళ్లు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి మన బంకుల్లో అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో ఉండాల్సింది 10 పాళ్లు. నగరం నడిబొడ్డున లంగరేసి, విద్యుత్ కోసం ఇంజను నడుపుతూ ఉండే ఓడ మన లారీ కంటే 500 రెట్లు ఎక్కువ గంధకమున్న ఇంధనాన్ని కాల్చవచ్చన్నమాట. ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చి ఆ ఇంజను ఆపించే ఏర్పాటు ప్రతి బెర్తులోనూ ఉండాలి.

కర్మాగారాల మీదే వేలెత్తి చూపుతారు, మరి జనం వాహనాలు, చెత్త మంటల సంగతేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. కాపులుప్పాడ చెత్తకుప్పలో మంట లేచినా, వీధి మూలన ప్లాస్టిక్ తగలబెట్టినా వచ్చే పొగ పొగగొట్టం పొగ కంటే మనిషి ముక్కుకు దగ్గర. ఆర్టీసీ బస్సులు చాలక ద్విచక్ర వాహనాలు పెరగడం, పాత డీజిల్ ఆటోలు, రేవుకు రాత్రింబవళ్లు తిరిగే లారీలు, వీటి వాటా ఏటా పెరుగుతోంది. కానీ బాధ్యతను పంచేటప్పుడు ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో కూడా చూడాలి. బస్సు రాకపోతే బండి కొనుక్కునే గుమస్తాకు, బండి వచ్చి చెత్త తీసుకెళ్లకపోతే తగలబెట్టే కుటుంబానికి ఉన్న ప్రత్యామ్నాయాలు తక్కువ. వేలకోట్ల టర్నోవరు ఉన్న సంస్థకు వడపోత యంత్రం పెట్టాలా వద్దా అన్న ఎంపిక ఉంది. లక్షల ఇళ్ల అలవాట్లు మార్చడానికి ఏళ్లు పడుతుంది. పాతికో ముప్ఫయ్యో పెద్ద పొగగొట్టాలను, యార్డులను దారికి తేవడానికి గట్టి సంకల్పం చాలు. రెండూ చేయాలి, సులువుగా ఫలితమిచ్చేది ముందు చేయాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఉపాధి గురించి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదంతో 1966లో ప్రాణాలు అర్పించి తెచ్చుకున్న కర్మాగారమది. ప్రైవేటీకరణ భయంతో, అప్పుల భారంతో కార్మికులు ఏళ్ల తరబడి పోరాడాక 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. ఇలాంటి సమయంలో కాలుష్యం అంటూ మరో భారం మోపుతారా అన్న ఆవేదన న్యాయమైనదే. ఆ కర్మాగారం మూతపడాలని ఈ వ్యాసం ఎక్కడా అనడం లేదు, అది నిండు సామర్థ్యంతో నడవాలి. అయితే కోక్ ఓవెన్ల తలుపుల లీకులు అరికట్టడం, సింటర్ ప్లాంటు ధూళిని పట్టే యంత్రాలను మరమ్మతు చేయడం కూడా నిండు సామర్థ్యంతో నడపడంలో భాగమే. నిధులు కొరవడినప్పుడు యాజమాన్యాలు మొట్టమొదట కోసేది ఈ మరమ్మతులకే. ఆ పొగను అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ పీల్చేది షాపు ఫ్లోరు మీది కార్మికుడు, ఆ తర్వాత గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురంలోని అతని కుటుంబం. గాలి గురించి అడిగేవారిని కార్మికులకు శత్రువులుగా చూపడం వాస్తవానికి విరుద్ధం.

పరిశ్రమలను మూయకుండానే పొగ తగ్గించవచ్చని మన దేశంలోనే రుజువైంది. సూరత్‌లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సుమారు 300 కర్మాగారాలతో ఒక ప్రయోగం చేసింది. ప్రతి పొగగొట్టానికీ ధూళిని నిరంతరం కొలిచే పరికరం పెట్టించి, మొత్తం ధూళికి ఒక పరిమితి విధించి, ఆ పరిమితి లోపల కర్మాగారాలు తమ కోటాను కొనుక్కునే, అమ్ముకునే వీలు కల్పించింది. ఆ పథకంలో ఉన్న కర్మాగారాల ధూళి, లేనివాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. విశాఖలో పరిశ్రమల సంఖ్య తక్కువ, పరిమాణం పెద్దది కాబట్టి అదే పద్ధతిని యథాతథంగా దించుకోవడం కుదరకపోవచ్చు. అందులోని మూలసూత్రం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది: నిరంతరం కొలవాలి, మొత్తానికి హద్దు పెట్టాలి, దాటితే వెంటనే డబ్బు కట్టించాలి.

ఈ మూడింటిలో మొదటిదే మన దగ్గర బలహీనం. నిరంతరాయంగా కొలిచి కేంద్ర మండలికి లెక్క పంపే కేంద్రం విశాఖ మొత్తానికి చాలా ఏళ్లపాటు ఒక్కటే ఉంది. మిగతాచోట్ల వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు చేతితో నమూనాలు తీసే పాత పద్ధతి. బీచ్ రోడ్డు గాలి, మల్కాపురం గాలి ఒకటి కాదని అందరికీ తెలిసిన చోట ఒక్క అంకెతో నగరమంతటినీ తూచడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? మరోవైపు, కాలుష్యం ఎక్కువగల 17 రకాల పరిశ్రమలు తమ పొగగొట్టాలకు నిరంతర కొలత పరికరాలు పెట్టి వివరాలు ఎప్పటికప్పుడు పంపాలని కేంద్ర మండలి 2014 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. ఉక్కు, చమురు శుద్ధి, థర్మల్ విద్యుత్, ఎరువులు, ఔషధాలు, అన్నీ ఆ 17లో ఉన్నవే. ఆ వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నప్పుడు గాజువాక ఉపాధ్యాయుడికి, కింగ్ జార్జ్ ఆసుపత్రి వైద్యుడికి, కార్పొరేటర్‌కు ఫోనులో తెలుగులో తేలిగ్గా కనిపించేలా పెట్టడానికి అడ్డేమిటి? నియంత్రణలో లోపం ఎంత ఖరీదైనదో 2020 మే 7 తెల్లవారుజామున నగరంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయినప్పుడు చూశాం. అప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు ముందుగా కట్టమంది. ఒక్క రాత్రిలో జరిగిన ఘోరానికి కదిలిన వ్యవస్థ, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరిగే హానికీ కదలాలి.

డబ్బు కట్టించే విషయంలో చట్టం మెత్తబడింది. 1981 నాటి వాయు చట్టంలోని జైలుశిక్షల్లో చాలావాటిని 2023 సవరణ జరిమానాలుగా మార్చింది, వాటి పరిధి పది వేల నుంచి 15 లక్షల రూపాయలు. పెద్ద కర్మాగారానికి 15 లక్షలు లెక్కలోకి రాని మొత్తం. అయితే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక కీలకమైన తీర్పు ఇచ్చింది. పర్యావరణానికి జరిగిన నష్టాన్ని పూడ్చడానికి కాలుష్య నియంత్రణ మండళ్లు పరిహారం విధించవచ్చని, ముందుజాగ్రత్తగా బ్యాంకు గ్యారంటీలు కూడా అడగవచ్చని చెప్పింది. పరిశుభ్రమైన గాలి, నీరు జీవించే హక్కులో భాగమని 1991లోనే అదే కోర్టు అన్నది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని 1996లో ఖాయం చేసింది. అధికారం లేదన్న సాకు రాష్ట్ర మండలికి ఇక లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చేయాలంటే విశాఖ మరో పెద్ద విస్తరణ ముంగిట ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రాన్ని ప్రకటించింది. డేటా కేంద్రాలు కరెంటు పోయినప్పుడు ఆగకుండా డీజిల్ జనరేటర్లను సిద్ధంగా ఉంచుకుంటాయి, వాటికి కావలసిన విద్యుత్తు ఏదో ఒకచోట ఉత్పత్తి కావాలి. పెట్టుబడులు రావాలి, యువతకు పనులు కావాలి. వచ్చే ప్రతి ప్రాజెక్టునూ దాని పొగ ఒక్కదాన్నే చూసి అనుమతించే పద్ధతి మాత్రం పోవాలి. ఈ పల్లంలోని గాలి ఇప్పటికే ఎంత మోస్తోంది, ఇంకెంత మోయగలదు అన్న లెక్క ముందు తేలాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. సింహాద్రి, ఫార్మాసిటీ ఒక జిల్లా, రేవు, రిఫైనరీ మరో జిల్లా. గాలికి ఈ సరిహద్దులు తెలియవు. నగరపాలక సంస్థ తన హద్దుల్లోని రోడ్లు ఊడ్చగలదే తప్ప వీటిలో దేన్నీ శాసించలేదు. రెండు జిల్లాలనూ కలిపి చూసే, కాలుష్య నియంత్రణ మండలి, రేవు, రవాణా శాఖ, నగరపాలక సంస్థ, ఆంధ్రా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కూర్చునే ఒకే సంస్థ కావాలి, దానికి ఆదేశించే అధికారం ఉండాలి.

చేయవలసిన పనుల జాబితా పొడవైనది కాదు. విశాఖ పనితీరును పీఎం 10తో కాక పీఎం 2.5తో కొలవాలి. పాతనగరం, మల్కాపురం, గాజువాక, పరవాడల్లో నిరంతర కొలత కేంద్రాలు పెట్టాలి. పొగగొట్టాల వివరాలు ఏ రోజుకారోజు ప్రజల ముందుంచాలి. బొగ్గు యార్డులకు కప్పు వేయడానికి ఖాయమైన గడువు పెట్టి, అది దాటితే సుప్రీంకోర్టు ఇచ్చిన అధికారంతో పరిహారం వసూలు చేయాలి. స్వచ్ఛ వాయు నిధుల్లో పరిశ్రమల పర్యవేక్షణకు, వైద్య సర్వేలకు నిర్దిష్టమైన వాటా కేటాయించాలి. వీటిలో ఏ ఒక్కటీ కర్మాగారాన్ని మూయదు, ఏ ఒక్కరి ఉద్యోగమూ తీయదు. విశాఖ ఎమ్మెల్యేలు, ఎంపీ, మేయరు ఈ ఐదింటిలో దేనికి కట్టుబడతారో బహిరంగంగా చెప్పాలి. నగరంలో ఎన్ని కిలోమీటర్ల రోడ్లు ఊడ్చారని కాదు, మల్కాపురంలో సన్నధూళి ఎంత తగ్గిందని ఓటర్లు వారిని అడగాలి. ఆ ప్రశ్న అడిగే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, జవాబు చెప్పే బాధ్యత వారిది.